ఓడ టికెట్ల పూట కొత్త సిస్టం

మా ఆవిడతో కలిసి ఓడెక్కబోయి నేను రేవులోనే ఎలా మిగిలిపోయానో చెబుతాను. నవ్వండి, పర్లేదు. మా దీవిలో ఓడలాగే హాడో జెట్టీ మొత్తం మీకంటే ముందే నవ్వేసింది.

చేపల పడవ నడుపుకుంటూ, నలభై దాటాక మా అమ్మాయి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఆలస్యంగా వచ్చిన చదువు ఆలస్యంగా మొలిచిన మీసం లాంటిది, ఊరికే దువ్వాలనిపిస్తుంది. అమ్మాయికి డిగ్లీపూర్ బదిలీ అయినప్పుడు తన పాత కంప్యూటర్ని లంబాలైన్‌లో మా ఇంట్లోనే వదిలేసింది. దాని ముందు కూర్చుంటే దీవుల్లో నా అంత పండితుడు లేడనుకునేవాణ్ణి.

అది రోజూ ఒకటే అడిగేది: కొత్త సిస్టం ఇప్పుడు వేసుకుంటావా, తర్వాతా? కూడబలుక్కుని చదివి "తర్వాత" నొక్కేవాణ్ణి. అప్పటిదాకా బుద్ధి ఉండేది.

ఇంతలో మా ఆవిడ సూరమ్మ చెల్లెలి కొడుక్కి విశాఖలో పెళ్లి కుదిరింది. ఓడ టికెట్లు వదిలే రోజు పొద్దున్నే, కంప్యూటర్లో బుక్ చేద్దామని కూర్చుంటే, మా బావమరిది అప్పారావు దిగాడు. సొంత ఫోనుకి చార్జింగ్ పెట్టుకోవడం చేతకాదు గానీ, ఊరందరికీ సలహాలిస్తాడు.

"బావా, ఇంకా పురానా సిస్టమేనా? బుకింగ్ మధ్యలో బంద్ అయిపోద్ది. నయా వేసెయ్, పరిగెడతాది."

"ఎంతసేపు పడతాదిరా?"

"చాయ్ తాగేలోపు!"

చేపలు కడుగుతున్న సూరమ్మ తలెత్తింది. "మావా, అది ఇప్పుడు నడుస్తందా, నేదా?"

"నడుస్తంది."

"ఏటకెల్లే పూట నడిసే ఇంజన్ ఇప్పినాడని కళాసీని పడవలోంచి దింపేసినావు. గుర్తుందా?"

"అది ఇంజను. ఇది సదువుకున్నోల్ల యవ్వారం. నువ్వు సేపలు సూసుకో."

ఆ మాటన్న నోట్లో గుప్పెడు ఉప్పు కొట్టాలి. కొట్టేవాడు లేక "ఇప్పుడు" నొక్కేశాను.

తెర నల్లబడింది. చుక్కలు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరగసాగాయి. చాయ్ అయిపోయింది. మూడు శాతం. రెండో చాయ్ అయిపోయింది. మూడే! పాటుకి నీళ్లు వెనక్కి తీశాక బురదలో దిగబడ్డ పడవే నయం, తోస్తే కాస్త కదులుతుంది.

"ఆపేద్దామా బావా?"

"ఆపొద్దని రాసుందిరా! నీ ఫోన్లో చెయ్యి."

"చార్జింగ్ నేదు బావా."

చూశారా? ఇలాంటివాడి మాట నమ్మినవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

సూరమ్మ చేతులు కడుక్కుని, సంచీ తీసుకుని హాడో కౌంటర్ దగ్గర లైన్లో నిలబడటానికి పోయింది. ఎండ నడినెత్తికెక్కాక తిరిగొచ్చింది. మేమిద్దరం ఇంకా చుక్కల ముందే కూర్చున్నాం, పాలు పొంగుతాయేమోనని కాపలా కాసేవాళ్లలా.

"దొరికిందా?"

"ఒకటే మిగిలిందంట."

"ఒకటా? మరి... ఎవరి పేరున తీసుకున్నావు?"

నన్నూ, తమ్ముణ్ణీ, తెరనీ వరసగా చూసింది. "నువ్వెలా వస్తావు మావా? సదువుకున్నోల్ల యవ్వారం సగంలో ఉంది గదా."

బయల్దేరే రోజు పెట్టె మోసుకెళ్లి ఓడెక్కించాను. తాళ్లు విప్పారు. పైనుంచి చెయ్యూపుతుందనుకుంటే, జెట్టీ అంతా వినబడేలా అరిచింది:

"మావా! ఎన్ని శాతం అయిందీ?"

కూలీలు నవ్వారు. తాళ్లు విప్పినవాడు కూడా నవ్వాడు.

అందుకని గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పని ముందుండగా నడిచే యంత్రం జోలికి పోను, చేపలు కడిగే మనిషి మాట తీసెయ్యను. ఈ పొద్దున కంప్యూటరు మళ్లీ అడిగింది, ఇప్పుడా, తర్వాతా అని. "సూరమ్మనడుగు" అనే బటన్ కోసం తెరంతా వెతికాను. ఇన్ని కొత్త సిస్టంలు తెచ్చారు గానీ, అది మాత్రం పెట్టలేదు వెధవలు.