ఏడో నంబరు మోటారు

ఆమె కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చున్న రోజు కంపెనీలో ఎవరికీ గుర్తులేదు. మీటింగులో కాలు ఊపేది. ఫోన్ వస్తే వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే మాట్లాడేది. అందుకే అందరూ ఆమెను మొహం మీదే ‘స్ప్రింగు’ అనేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది, అదీ నడుస్తూనే.

పద్దెనిమిదేళ్ల కిందట, ఇంజనీర్లు గీసిన డ్రాయింగులకు నకళ్లు తీసే పనిలో చేరింది. నకలు తీస్తూ తీస్తూ అసలులో తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ఇంజనీర్లు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత భయపడ్డారు. చివరికి ఆమెనే మోటార్ల డిజైనుకు మార్చేశారు.

ఆ కంపెనీ టీకాలు మోసుకెళ్లే చిన్న చల్లపెట్టెలు చేస్తుంది. మామూలు ఫ్రిజ్ కంప్రెసర్లో మోటారు గుండ్రంగా తిరుగుతుంది, ఆ తిరుగుడే పిస్టన్‌ను ఆడిస్తుంది. ఆమె మోటారు అసలు తిరగదు. రాగి తీగ చుట్ట, దాన్ని పట్టుకున్న ఇనుము, మధ్యలో ఒక అయస్కాంతపు ఉంగరం. కరెంటు పెడితే ఆ ఉంగరం సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పిస్టన్‌ను దానికే బిగిస్తారు. రోజుకు నలభై మూడు లక్షల ఊపులు.

మొదటి మోడల్లో ఊగేది అయస్కాంతం కాదు, తీగచుట్ట. కొన్ని నెలలకే తీగ తెగిపోయేది. “ఊగే తీగ తెగక ఏం చేస్తుంది? దాన్ని కట్టేసి అయస్కాంతాన్ని ఊపుదాం” అంది ఆమె. ఆ జబ్బు అంతటితో పోయింది.

తర్వాత మేనేజరు కొత్త కోరిక కోరాడు. పెట్టెను ఒక మనిషి భుజాన వేసుకుని కొండెక్కగలగాలి. మోటారు మంచినీళ్ల గ్లాసంతే ఉండాలి. ఆమె మూడు నెలలు లెక్కలు వేసి, అయస్కాంతానికీ చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య ఖాళీని మిల్లీమీటరులో పదింట ఏడు పాళ్ల నుంచి నాలుగు పాళ్లకు తగ్గించింది. ఖాళీ తగ్గితే చిన్న అయస్కాంతమే గట్టిగా పనిచేస్తుంది. మోటారు గ్లాసంతే వచ్చింది. మేనేజరు దాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు.

పన్నెండు మోటార్లను పరీక్ష గదిలో ఆపకుండా నడుపుతున్నారు. లెక్కలన్నీ ఆమె బల్ల మీది కంప్యూటరులోనే కనిపిస్తాయి. అయినా రోజుకు ఐదారుసార్లు ఆ గదికి వెళ్లి, ఒక్కో మోటారు మీదా వేళ్లు ఆనించి వచ్చేది.

ఇంట్లో కూడా అదే తంతు. కూర తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టి కాగితం మీద ఏదో గీసేది.

“అమ్మాయ్, నిన్న వంకాయ సగం తరిగి వదిలేశావు, ఇవాళ బెండకాయ. రేపటి కూరేంటో చెప్తే ఆ మిగతా సగం నేను తరుక్కుంటా” అనేది అత్తయ్య.

“చెప్పవే, ఏం తొలుస్తోంది నిన్ను?” అని అడిగాడు భర్త. అతను బడిలో ఆటల మాస్టారు.

“ఏమీ లేదండీ. అన్నీ బాగానే నడుస్తున్నాయి. అదే భయం.”

అతనికి ఆ జవాబు అర్థం కాలేదు. ఆమెకూ పూర్తిగా అర్థమైనట్టు లేదు.

డెబ్బయ్యో రోజు పొద్దున ఏడో నంబరు మోటారు మీద చెయ్యి వేసింది. వేళ్ల కింద ఎక్కడో సన్నటి ఇసుక కదిలినట్టు అనిపించింది. మీటరు చూసింది. ముప్పై ఎనిమిది వాట్లు తాగాల్సింది నలభై ఒకటి తాగుతోంది. స్విచ్ ఆపి, దాన్ని బల్ల మీదికి తెచ్చి విప్పింది. పిస్టన్‌కు ఒక పక్కన గోరంత మేర నల్లటి మచ్చ. రెండో పక్క కొత్తదానిలా మెరుస్తోంది.

వేరే ఎవరైనా అయితే పిస్టన్‌ను అనుమానించేవాళ్లే. ఆమెకు చూడగానే అర్థమైంది. అయస్కాంతం వెంట్రుకవాసి పక్కకు జరిగినా, దగ్గరైన ఇనుము దాన్ని మరింత తనవైపు లాక్కుంటుంది. ఖాళీ ఎంత తక్కువైతే ఆ లాగుడు అంత మొండిగా ఉంటుంది. ఉంగరాన్ని పక్కలకు జరగకుండా పట్టి ఉంచాల్సిన పలుచని రేకు స్ప్రింగులు ఆ లాగుడుకు లొంగిపోయాయి. పిస్టన్ పక్కకు ఒరిగి, తాను ఆడే గొట్టం గోడను రాసుకుంది. తప్పు ఆ నాలుగు పాళ్ల ఖాళీలోనే ఉంది.

ఎవరినీ అడగకుండా ఇంకో మూడు మోటార్లు ఆపి విప్పింది. రెండింటిలో అదే మచ్చ, కాస్త చిన్నగా.

మేనేజరు గదికి వెళ్లి నాలుగు పిస్టన్లూ బల్ల మీద వరసగా పెట్టింది. ఎప్పటిలా నడవలేదు, నిలబడిపోయింది.

“సోమవారం పెట్టెలు చూసుకోడానికి ఆరోగ్య శాఖవాళ్లు వస్తున్నారని తెలుసుగా?” అన్నాడు మేనేజరు.

“తెలుసు సార్.”

“మూడు వాట్లు పెరిగితే కొంపలేం మునగవు. నడుస్తూనే ఉంది కదా!”

“ఇప్పుడు నడుస్తోంది సార్. ఏడాదికి బిగుసుకుపోతుంది. అప్పుడు పెట్టె ఏ కొండ మీదుంటుందో మనకి తెలీదు. లోపల టీకాలు ఉడికిపోతాయి.”

“ఎవరి తప్పిది? బిగించినవాళ్లదా?”

“వాళ్లు నేను గీసినట్టే బిగించారు. తప్పు నాదే.”

మేనేజరు ఒక పిస్టన్‌ను తీసుకుని మచ్చను గోటితో గీకి చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి, “నేను వాళ్లకేం మొహం చూపించను?” అన్నాడు. అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఖాళీని మళ్లీ ఏడు పాళ్లు చేస్తే బలం తగ్గుతుంది. బలం కావాలంటే రాగి ఎక్కువ పట్టాలి. రాగి పెరిగితే మోటారు లావెక్కి పెట్టెలో పట్టదు. వారం రోజులు ఆమె ఈ మూడింటి మధ్యా గిరగిరా తిరిగింది. తిండి సయించలేదు. అన్నం ముందు కూర్చుని కంచం అంచు కొలుస్తోందని అత్తయ్య కొడుకుతో ఫిర్యాదు చేసింది.

దారి చూపింది పిన్ని. రాగి తీగ కాయిళ్లు చుట్టే విభాగంలో ముప్పై ఏళ్లుగా ఉన్న ఆమెను కంపెనీ అంతా పిన్ని అనే పిలుస్తుంది. కోసి చూసిన కాయిల్ ముక్కను కిటికీ వెలుగులో పెట్టి, “చూడమ్మాయ్, ఎన్ని సందులో! మెషిను గడ్డివాము వేసినట్టు వేసింది. గాలికి ఇంత చోటిచ్చి, చోటు చాల్లేదని ఏడుస్తున్నావా?” అంది.

“మరెలా చుట్టాలి పిన్నీ?”

“కింది వరసలో రెండు తీగల మధ్య పల్లం ఉంటుందా? పై తీగ సరిగ్గా ఆ పల్లంలో కూచోవాలి. మొదటి వరస నేను చేత్తో సర్దిపెడతా. మెషిను వేగం సగం చెయ్యి, మిగతావి వాటంతటవే కూచుంటాయి.”

అలా చుడితే అదే చోటులో మరింత లావు తీగ పట్టింది. ఖాళీని ఏడు పాళ్లకు పెంచినా బలం తగ్గలేదు. మోటారు రెండు మిల్లీమీటర్లు లావైంది. పెట్టె డిజైను చేసేవాళ్లతో రెండు రోజులు పోట్లాడి ఆ రెండూ సంపాదించింది.

పెట్టెలు బయటికి వెళ్లడం ఐదు నెలలు ఆలస్యమైంది. మేనేజరు ఆ తర్వాతి ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చాడు. ఆమెకు చివుక్కుమంది, కానీ అడగలేదు. కొత్త మోటార్లు వంద రోజులు నడిచాక విప్పితే ఒక్కదానికీ మచ్చ లేదు. అయినా అది పరీక్ష గది. కొండ మీద దుమ్ముంటుంది, ఎండుంటుంది, పెట్టె కింద పడుతుంది. ఆ ఆలోచన ఆమెను వదల్లేదు.

ఏడాది గడిచాక, దూరపు కొండ మీది ఆరోగ్య కేంద్రం నర్సుకు తానే ఫోన్ చేసింది.

“పెట్టె ఎలా ఉందమ్మా?”

“బాగుందండీ. చప్పుడే లేదు. మొదట్లో ఆగిపోయిందేమోనని గంటకోసారి మూత తీసి చూసేదాన్ని.”

“దాన్ని ఒకసారి వెనక్కి పంపుతారా? విప్పి చూడాలి.”

“చక్కగా పనిచేసేదాన్ని విప్పడమెందుకండీ? ఇవ్వను.”

బతిమాలింది. ముందు కొత్త పెట్టె వస్తే తప్ప పాతది కదలదని నర్సు తెగేసి చెప్పింది. కొత్తది పంపాకే పాతది వచ్చింది. ఒక మూల సొట్టపోయి ఉంది, పక్కన ఎవరో పిల్లల బొమ్మ అంటించారు.

విప్పుతుంటే పిన్ని వచ్చి పక్కన నిలబడింది. ఆమె పిస్టన్‌ను భూతద్దం కింద పెట్టి నాలుగు పక్కలా తిప్పి చూసింది. వెతికి వెతికి కళ్లు లాగాయి. ఎక్కడా మచ్చ లేదు.

“ఏముందే?” అంది పిన్ని.

“ఏమీ లేదు పిన్నీ.”

“మరి ఆ మొహమేంటి?”

ఆమె నవ్వి, రిపోర్టులో ‘అరుగుదల లేదు’ అని రాసి సంతకం పెట్టింది. తర్వాత ఇంకో ఆరోగ్య కేంద్రం ఫోన్ నంబరు వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లింది.