మధ్య సీటుకి విస్తరి

నిన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటే విమానం కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. మీ ప్రయాణం ఎలా సాగింది, సీటు ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, సిబ్బంది మర్యాదగా చూశారా, ఒక్కోదానికీ ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని అందులో అడిగారు. మామూలుగా అయితే ఇలాంటివి నాకు పండగే. హైస్కూల్లో ఇంగ్లీషు పంతులమ్మగా రిటైరైనదాన్ని, మార్కులు వెయ్యకపోతే చెయ్యి లాగుతుంది. రామచంద్రపురంలో టిఫిన్ సెంటర్ల దగ్గర్నుంచి ద్రాక్షారామం వెళ్ళే ఆటోల దాకా నేను వంక పెట్టనిది లేదని మా అక్క దెప్పుతూ ఉంటుంది. సీటుకి మూడు, భోజనానికి రెండు, చకచకా వేసేశాను. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కనబడింది. పక్క సీటు ప్రయాణికుడి వల్ల మీకేమైనా ఇబ్బంది కలిగిందా అని. అక్కడ వేలు ఆగిపోయింది. కాఫీ చల్లారిపోయేదాకా ఆ ప్రశ్న వంకే చూస్తూ కూర్చున్నాను.

అసలా ప్రయాణం నాది కాదు, మా బావగారిది. అంటే అక్క భర్తది. ఆయనకో తమ్ముడు. మేము చిన్న బావగారు అనేవాళ్ళం. ఎప్పుడో కుర్రతనంలో లెక్కల మాస్టారుగా ఫిజీ దీవులకి వెళ్ళి, పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కడే ఉండిపోయారు. వచ్చే సెలవులకి తప్పకుండా వస్తానంటూనే సెలవులన్నీ గడిపేశారు. మొన్న వానాకాలంలో ఆయన పక్కింటావిడ ఫోను చేసి, మనిషి బాగా చిక్కిపోయారు, ఆసుపత్రిలో పెట్టాం, చూడాలనుకుంటే ఆలస్యం చెయ్యకండి అని చెప్పింది. అక్క మోకాళ్ళు ఇంటి గడప దాటడానికే ఒప్పుకోవు. రిటైరైన టీచర్లతో కలిసి ఒకసారి సింగపూరు చూసొచ్చాను గనక, మా ఇంట్లో విమానాల గురించి తెలిసిన మనిషిని నేనే. అలా నన్ను తోడు పంపారు. వీసాలూ అవీ చేతికొచ్చేదాకా ఫోను మోగితే చాలు బావగారు ఉలిక్కిపడేవారు. రాజమండ్రిలో విమానం ఎక్కబోతూ నన్నడిగింది కూడా ఒక్కటే మాట.

"వాడు ఉండగా చేరతామంటావా అమ్మాయ్?"

"చేరతామండి. ఎందుకు చేరం?" అన్నాను. తెలిసే అన్నానా అంటే, లేదు.

బావగారి గురించి కొంచెం చెప్పాలి. ఆయన వంటవాడు కాదు, వడ్డన పెద్ద. మా చుట్టుపక్కల పెళ్ళి జరిగితే వంట ఎవరు చేసినా బంతి నడిపేది మాత్రం ఆయనే. చేతులు వెనక్కి కట్టుకుని వరస పొడుగునా నడుస్తూ, ఎవరి ఆకులో పప్పు అయిపోయిందో, ఎవరు మొహమాటపడుతున్నారో కనిపెట్టి, కనుసైగతో కుర్రాళ్ళని పంపేవారు. ఆయన బంతిలో కావాలా అని ఎవరినీ అడగరు. అడిగితే ఎవరైనా వద్దనే అంటారని ఆయన వాదన. ఆయనకి ఇంకో పట్టుదల ఉండేది. ఒకసారి ఆకు వేశాక అందులో వడ్డించి తీరాల్సిందే. కూర్చోవలసిన మనిషి రాకపోయినా, లేచి వెళ్ళిపోయినా, ఉప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా అన్నీ పడాలి. బంతి లేచాక దాన్ని ఆవుకి పెడతారు, అది వేరే సంగతి. తల్లి పోయినప్పుడు తమ్ముడు మరీ పసివాడట. ఈయనే అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేవారట. వడ్డన అక్కడే మొదలైందని అక్క అంటుంది.

రాజమండ్రి నుంచి హైదరాబాదు దాకా చెప్పుకోవడానికేమీ లేదు. సీట్లు శుభ్రంగానే ఉన్నాయి, కాళ్ళు ముడుచుకోవాలి. కాగితం గ్లాసులో వేడినీళ్ళు పోసి, మూత పెట్టి, ఇదే ఉప్మా అన్నారు. బావగారు మూత తీసి చూసి, మళ్ళీ మర్యాదగా పెట్టేశారు.

హైదరాబాదు నుంచి సింగపూరుకి పగటి విమానం. మూడు సీట్ల వరసలో కిటికీ పక్కన నేను, నడవ వైపు బావగారు, మధ్య సీటు ఖాళీ. సీట్లు మెత్తగా ఉన్నాయి, దుప్పటి పల్చన, చెవుల్లో పెట్టుకునేవి పనిచెయ్యలేదు. బావగారు కళ్ళజోడు పెట్టుకోవడానికని మధ్య సీటు ముందున్న బల్ల దించారు. భోజనం బండి వచ్చింది. విమానం పిల్ల నవ్వుతూ మా ఇద్దరికీ ట్రేలు ఇచ్చింది. బావగారు తింటూ తింటూ ఆ ఖాళీ బల్ల వంక చూసి ఆగిపోయారు. నాకు అర్థమైంది. ఆయన లెక్కలో ఆకు వేసేశారు.

"అమ్మా, ఇక్కడ కూడా ఒకటి పెట్టమ్మా" అని తెలుగులోనే అడిగారు. నేను సిగ్గుపడుతూ ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, ఏమీ అనకుండా ఇంకో ట్రే తెచ్చి పెట్టింది. బావగారు దాని మూతలన్నీ తీసి, అన్నం పక్కన పప్పు ఒంపి, పెరుగు డబ్బా రేకు చించి, ఆ తర్వాత తన భోజనం పూర్తి చేశారు. కాసేపటికి కిటికీలు మూసెయ్యమన్నారు. బయట ఎండ మండిపోతుంటే లోపల కావాలని చీకటి చేసి జనాన్ని నిద్రపుచ్చడం నాకు మొదట్నుంచీ నచ్చదు. అయినా నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చి చూస్తే మధ్య ట్రేలో అన్నం సగానికి పైగా లేదు. మిగిలిన అన్నంలో గుంట చేసి పప్పు కలిపిన ఆనవాళ్ళు, ఆ పక్కన వేళ్ళ గుర్తులు. చెంచా పొట్లం విప్పనే లేదు. ట్రే అంచున ఒక పెరుగన్నం ముద్ద, గుండ్రంగా, విడిగా పెట్టి ఉంది. బావగారు నిద్రమత్తులో తినేసి ఉంటారనుకున్నాను. ఆయన చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఆ ముద్ద వైపే చూస్తున్నారు.

"మీరు తిన్నారా బావగారూ?"

"లేదు" అన్నారు. "వాడు చిన్నప్పుడు ఆఖరి ముద్ద నాకని ఇలాగే అంచున పెట్టేవాడు" అని, కాగితం రుమాలు తీసి దాని మీద కప్పారు. ట్రే తీసుకెళ్ళే పిల్ల కూడా అటు రెండోసారి చూసింది. సిబ్బంది మర్యాద బాగుందని ఒప్పుకోవాలి, ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

సింగపూరు నుంచి ఆక్లండుకి పెద్ద విమానం. సీటు వెనక్కి వాలుతుంది, మెడకి దన్ను ఉంది, మరుగుదొడ్డిలో పూలు కూడా పెట్టారు. విమానం నిండిపోయింది, ఒక్క సీటూ ఖాళీ లేదని ఎక్కే ముందే చెప్పారు. మేము వెళ్ళి కూర్చున్నాం. అందరూ వచ్చారు, తలుపులు వేశారు. మా మధ్య సీటుకి మాత్రం మనిషి రాలేదు. దాని బెల్టు కట్టి ఉంది. ఖాళీ సీట్లకి వాళ్ళే అలా కట్టేస్తారట, తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి నాకు తెలియదు. నా మోచెయ్యి అటువైపు పెట్టాలంటే మనసొప్పలేదు. ఆ ప్రయాణమంతా కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాను.

ఈసారి బల్ల ఎవరూ దించలేదు. భోజనం తెచ్చిన అమ్మాయి తనే దించి, మూడు ట్రేలు పెట్టింది. పెట్టి, "ఆయనకి కూడా శాకాహారమే కదండీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఎవరికి?"

"మధ్యలో ఆయనకి. ఇందాక మంచినీళ్ళు అడిగారు." బాత్‌రూమ్‌కి వెళ్ళాడనుకుంది కాబోలు, నా జవాబు కోసం ఆగకుండా ముందుకి వెళ్ళిపోయింది.

బావగారికి తర్జుమా చేసి చెప్పనా వద్దా అని తటపటాయిస్తుంటే, ఆయన ముఖం చూస్తేనే తెలిసింది, చెప్పక్కర్లేదని. మూతలు తీసి పప్పు వడ్డించారు. దీపాలు ఆర్పేశారు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. పంతులమ్మగా ఎంతమంది పిల్లలకి దయ్యాల్లేవని పాఠం చెప్పానో నాకే తెలియదు, ఆ దుప్పటి తియ్యడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. దీపాలు వెలిగాక చూస్తే ట్రే ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. అంచున ఒక ముద్ద మాత్రం ఉంది.

"నేను రెప్ప వెయ్యలేదమ్మాయ్" అన్నారు బావగారు, గొంతు తగ్గించి. "చూస్తూనే ఉన్నాను. తినడం కనపడలేదు. తీరా చూసేసరికి అయిపోయింది."

నేను కాగితం రుమాలు తీసి ఆ ముద్ద మీద కప్పాను.

"కనపడకుండా వచ్చి తినేది ఎవరు చెప్పు. పోయినవాళ్ళే కదా?" అని అటు తిరిగిపోయారు.

అప్పటిదాకా ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. ఆయన నోటితో వినడం మాత్రం భరించలేకపోయాను. మా వైపు పోయినవాళ్ళకి పెట్టే ముద్ద కాకి ముట్టిందంటే వాళ్ళు తృప్తిపడ్డారని సంతోషిస్తాం. ఇక్కడ ముద్ద ముట్టడమే ఆయన్ని చంపేస్తోంది. ఆక్లండులో దిగగానే పక్కింటావిడకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బావగారు అద్దాల గోడ ముందు కూర్చుని, బయట విమానాలు కదులుతుంటే చూస్తూ, టీ తెచ్చిస్తే పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఫోను సంగతి అడగలేదు.

ఆఖరి విమానం చిన్నదే. మళ్ళీ మూడు సీట్ల వరస. మళ్ళీ మధ్యది ఖాళీ. ఆ సీట్లు ఎలా ఉన్నాయో, భోజనం ఏం పెట్టారో నన్నడిగితే చెప్పలేను. భోజనం బండి రెండు వరసల ముందుండగానే బావగారు చెయ్యి చాపి మధ్య బల్ల మీద, అది తెరుచుకోకుండా, అదిమి పట్టుకున్నారు. విమానం కుర్రాడు మూడో ట్రే అందించాడు.

"వద్దు బాబూ. ఇక్కడెవరూ లేరు" అన్నారు.

జీవితమంతా ఒక్క ఆకు ఖాళీగా వదలని మనిషి అన్న మాట అది. తమ్ముడు అక్కడ తినకపోతే ఆసుపత్రిలో బతికే ఉంటాడని ఆయన ఆశ. మా ట్రేలు కూడా మేము ముట్టలేదు. దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు, వేళ్ళు తెల్లబడిపోయాయి. నాకు మధ్య సీటు వైపు చూడాలంటే భయం వేసింది, నిజం చెప్పాలంటే జాలి కూడా వేసింది. ఆకలితో ఉన్న మనిషి ఏమీ అడగకుండా పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో, అలా ఉంది.

ఫిజీ ఎయిర్‌పోర్టు బయట పక్కింటావిడ కారుతో నిలబడి ఉంది. ఫోను ఇంట్లో మర్చిపోయి వచ్చేసిందట. బావగారికి ఆమె భాష రాదు, ఆమెకి ఈయనది రాదు. ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడిపోయారు. "ఉన్నారా?" అని నేనడిగాను. "ఉన్నారు" అంది. బావగారు కారు తలుపు పట్టుకుని అక్కడే ఏడ్చేశారు.

కార్లో ఆవిడ చెప్పింది. కొన్నాళ్ళుగా నోటితో ఏమీ తీసుకోవడం లేదట. నిన్నట్నుంచీ మాత్రం నర్సు గంజి పట్టబోతే, ఇప్పుడే తిన్నానమ్మా అంటారట. ఏం తిన్నారని నవ్వులాటకి అడిగితే, అన్నం పలుకుగా ఉంది, పప్పులో ఉప్పు లేదు, పెరుగు చిన్న డబ్బాలో ఇస్తున్నారు అని చెప్పారట. "జ్వరంలో ఏదో అంటున్నారనుకున్నాం" అంది ఆవిడ. నేను దాన్ని బావగారికి తెలుగులో చెప్పలేదు.

ఆసుపత్రి గదిలో కిటికీ పక్కన మంచం. మనిషి దుప్పటి కింద ఉన్నారా లేరా అన్నట్టున్నారు. కళ్ళు మాత్రం గుమ్మం వైపే ఉన్నాయి. బావగారిని చూశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత చూసినట్టు కాదు, ఇందాకే విడిపోయినట్టు చూశారు. పెదాలు కదిలాయి. బావగారు వంగి చెవి దగ్గర పెట్టారు. గది అంత నిశ్శబ్దంగా ఉండబట్టి నాకూ వినపడింది.

"ఆఖర్న నాకు ఆకు వెయ్యలేదేంటన్నయ్యా?"

నేను గోడ పట్టుకున్నాను. బావగారు మాత్రం భయపడలేదు. ఆ క్షణంలో ఆయన ముఖంలో ఉన్నది సిగ్గు. పెళ్ళిలో వియ్యంకుడి ఆకు మరిచిపోయినా అంత సిగ్గుపడి ఉండరు. మంచం మీద కూర్చుని తమ్ముడి తల నిమిరారు.

"నీ దగ్గరికే వస్తున్నాను కదరా. చేత్తో పెడదామని."

నర్సు గంజన్నం తెచ్చింది. బావగారు చెంచా పక్కన పెట్టేసి, చెయ్యి కడుక్కొచ్చి, మెత్తగా మెదిపి, ఇంత ముద్ద నోట్లో పెట్టారు. మింగుతారా అని నర్సు, పక్కింటావిడ, నేను చూశాం. మింగారు. ఇంకోటి పెట్టారు. కావాలా అని అడగలేదు. చిన్న బావగారు ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. ఉన్నన్నాళ్ళూ అన్న చేతి అన్నమే తిన్నారు. పలుకుగా ఉందని మాత్రం ఎప్పుడూ అనలేదు. కాలం మనుషుల్ని దూరం చేస్తుందని నేనూ పిల్లలకి చాలాసార్లు చెప్పాను. ఆ గదిలో చూశాక అలా అనిపించడం లేదు. అది ఎవరినీ ఏమీ చెయ్యదు, మన పక్కనే కూర్చుని, ముందుగా ఎవరు చెయ్యి చాపుతారా అని చూస్తూ ఉంటుంది, అంతే.