వంద వాట్ల బల్బు కింద చలి

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో, లెక్కల్లో నన్ను మించినవాళ్లు కర్లపాలెంలో లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మా పిన్ని కోడిపిల్లల బాధ్యత నెత్తిన వేసుకున్నాను. రెండు వేల మూడో, నాలుగో, సరిగ్గా గుర్తులేదు. డిసెంబరు నెల మాత్రం నిజం. పిన్ని కొత్తగా షెడ్డు వేసి ఐదు వందల పిల్లల్ని దింపింది. మూడో రోజునే వాళ్ల అత్తగారి కంటి ఆపరేషనుకి ఇంటిల్లిపాదీ తెనాలి వెళ్లాల్సి వచ్చింది.

"రేపు పొద్దున్నే వచ్చేస్తానే. పది బల్బులున్నాయి, ఒక్కోటీ వంద వాట్లు. ఆ వెయ్యి వాట్ల వేడి చాలు వాటికి. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు," అని చెప్పి పిన్ని బస్సెక్కింది. వాటి మీద ఆవిడ ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు.

పొద్దు వాలాక ఇళ్లలో లైట్లు, పొలాల్లో మోటార్లు ఒకేసారి వేశారు కాబోలు, బల్బులు మసకబారి ఎర్రబడ్డాయి. కాసేపటికి పిల్లలు అరవడం మొదలుపెట్టాయి. ఊక మీద చెల్లాచెదురుగా తిరిగేవి కాస్తా బల్బుల కిందికి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆకలేమోనని మేత వేశాను, ముట్టలేదు. నీళ్లు మార్చాను, చూడలేదు. చలేమోనన్న అనుమానం రాకపోలేదు. కానీ వెయ్యి వాట్లు వెలుగుతుంటే చలేంటి అని నన్ను నేనే కసురుకున్నాను. గుంపును చేతులతో విడదీస్తే అడుగున నలిగి చచ్చినవి కనిపించాయి. ఇటు విడదీస్తే అటు గుట్టపడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

పక్కింటి మావయ్య రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసేవారు. సాయంత్రం నమాజు ముగించుకుని వస్తూ ఆ అరుపులు విని లోపలికి వచ్చారు. "నాసిరకం బల్బులు కొన్నట్టుంది మావయ్యా," అన్నాను. ఆయన ఇంటికెళ్లి, ఓల్టేజికొకటి, కరెంటుకొకటి కొలిచే మీటర్లు బిగించిన చెక్క బోర్డు తెచ్చారు. ఒక బల్బును దానికి తగిలించి, నా చేతిలో సుద్దముక్క పెట్టారు. రెండు వందల ముప్పై ఉండాల్సిన ఓల్టేజి నూట అరవై. కరెంటు సున్నా పాయింటు ముప్పై ఆరు ఆంపియర్లు.

"ముందు ఓల్టేజిని కరెంటుతో భాగించమ్మా. తర్వాత గుణించు."

పిల్లలు చస్తుంటే లెక్కలేంటని ఒళ్లు మండింది. అయినా గోడ మీద వేశాను. భాగిస్తే నాలుగు వందల నలభై నాలుగు ఓమ్‌లు. మంచి బల్బు నిరోధం ఈ ఓల్టేజి దగ్గర అంతే ఉంటుందని, బల్బును తిట్టొద్దని మావయ్య అన్నారు. గుణిస్తే యాభై ఏడు పాయింటు ఆరు వాట్లు. రెండోసారి వేశాను, అంతే వచ్చింది. వెయ్యి అనుకున్న చోట పిల్లలకు అందుతున్నది సగానికి కాస్త ఎక్కువ.

ఇంకో పది బల్బులు ఇదే తీగకు తగిలిద్దామని నేను లేచాను. ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇరవై బల్బులు ఎంత కరెంటు లాగుతాయో అది కూడా లెక్కకట్టు." ఏడు ఆంపియర్లు దాటింది. పిన్ని షెడ్డు ఫ్యూజు ఐదు ఆంపియర్లది. అది కాలిపోతే ఉన్న పదీ ఆరిపోయేవి.

ఉన్న పదికి ఇంకో ఎనిమిది కలిస్తే వెయ్యి వాట్లు దాటుతుంది, అవి చాలన్నారు. అవి తమ ఇంటి నుంచి లాగిన తీగ మీద వేలాడాలన్నారు. మావయ్య వైరు లాగుతుంటే నేను వీధిలో గుమ్మం గుమ్మానికీ పరిగెత్తాను. వంటింట్లో అన్నం వార్చుతున్నవాళ్లు కూడా నెత్తిమీది బల్బు ఊడదీసి, కొంగుతో పట్టుకుని నా చేతికిచ్చారు. ఓల్టేజి లేవగానే ఈ ఎనిమిదీ తీసేయాలని, లేకపోతే పిల్లలు వేడెక్కి చస్తాయని మావయ్య మీటరు దగ్గరే కూర్చున్నారు. అరుపులు మెల్లగా తగ్గి, గుట్ట విడిపోయి, పిల్లలు ఊక మీద పరుచుకుని పడుకున్నాయి.

ఇరవై ఆరు పోయాయి. పొద్దున్న పిన్ని వాటిని చూసి, "వంద వాట్లవే కదే కొన్నాను," అని కూలబడింది. మావయ్య నన్ను వెనకేసుకొస్తారనుకున్నాను. "బల్బు మీద రాసింది నమ్మడం మీ ఇద్దరి తప్పూ కాదమ్మా. అవి అరుస్తుంటే వినకపోవడం మాత్రం ఈ పిల్ల తప్పే," అన్నారు. ఆ మాటకు చాలా రోజులు ఆయన మీద అలిగాను. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

సూత్రాలు తర్వాత పరీక్షల్లో రాశాను, మార్కులూ వచ్చాయి. అవి పెద్ద విషయం కాదు. ఐదు వందల ప్రాణాలు చలి చలి అని గొంతు చించుకుంటే, నేను గాజు మీది అంకె చదువుకుంటూ నిలబడ్డాను. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా చలేస్తోందంటే, రెండు దుప్పట్లున్నాయి కదా అనడానికి నాకు నోరు రాదు. లేచి వెళ్లి పాదాలు ముట్టుకుని చూస్తాను.