అమ్మ పూలు వేసిన నవల

ఈ రోజు సీతాఫల్‌మండిలో మా పాత అద్దె పుస్తకాల షాపుకి వెళ్లాను. డెబ్బైల నాటి నవలలంటే నాకు పిచ్చి. జీతం, ఇంటద్దె, వంటిల్లు తప్ప వాటిలో ఇంకేమీ ఉండదు, అయినా వదలబుద్ధి కాదు. అలాంటిదే ఒకటి తీశాను. ఒక గుమస్తా భార్య పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి, ఇంట్లోంచి వెళ్లిపోయే కథ.

ఇరవయ్యో పేజీలో పెన్సిలుతో వేసిన చిన్న పువ్వు కనిపించింది. పోయినేడాది చనిపోయిన మా అమ్మ వేసిందది. చదివిన పుస్తకాన్నే మళ్లీ తెచ్చుకోకుండా, ప్రతి నవలలో ఆ పేజీలోనే గుర్తుగా ఒక పువ్వు వేసేది. ఇందులో మాత్రం పువ్వు కింద పువ్వు, పేజీ అంచంతా పూలే.

షాపాయన చూసి నవ్వాడు. "ఈ బుక్కు మీ అమ్మ మస్తు సార్లు తీస్కపోయింది బిడ్డా. చదివిందే గదమ్మా అంటే, ఈ కథలో ఆమె ఎందాక పోయిందో చూసి ఇస్తా అనేది."

ఇంటికొచ్చాక నాన్న "ఏం పుస్తకమమ్మా అది?" అని అడిగారు.

"వంటల పుస్తకం" అన్నాను.

మీ అమ్మలు మళ్లీ మళ్లీ చదివిన నవల ఏదైనా ఉంటే చెప్పండి, నేనూ చదువుతాను. మా అమ్మ మాత్రం ఏనాడూ పొయ్యి మీద పాలు పొంగనివ్వలేదు.