పసుపు కింది గడ్డలు

కొంపల్లిలో కొత్త విల్లా గృహప్రవేశమంటే శామీర్‌పేట గాలయ్య ఆవు ముందు నడవాల్సిందే. ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, వీపున ఎర్రబట్ట. హాల్లో పేడ వేసిందా, ఇంటివాళ్లకు ఇక సంబరమే సంబరం! ఆవుతో పాటు గాలయ్యకూ దండాలు పెట్టేవారు. ఆ మర్యాద మరిగాడు మనిషి.

శ్రావణంలో ఓ పొద్దున ఆవు మెడ కింద చెయ్యి పెడితే గడ్డలు తగిలాయి. అది పశువు నుంచి పశువుకు అంటే లంపీ రోగమని గాలయ్యకు తెలియక కాదు. ఆ రోజే పక్కపక్క విల్లాల్లో రెండు ముహూర్తాలు. మాట పోతుందని పసుపు మందంగా మెత్తి, బట్ట మెడదాకా లాగాడు. రెండో ఇంటికని తన వాడకట్టులోనే ఉండే పర్వతాలు అనే ఆవిడను ఒప్పించి, ఆమె ఆవునూ అదే ట్రాలీ ఆటో ఎక్కించాడు. దారి పొడుగునా ఈగలు దీని మీంచి దాని మీదికి. చూస్తూ కూర్చున్నాడు, ఏం మనిషో!

కొన్నాళ్లకు పర్వతాలు ఆవుకూ గడ్డలు లేచాయి. పశువుల డాక్టరు నవ్యశ్రీ వచ్చి, రెండావుల పొక్కులూ గిల్లి పరీక్షకని సీసాల్లో వేసుకుంది. "మీదానికి ఎప్పుడు లేచాయి?" అని అడిగితే, "మొన్ననే మేడమ్" అన్నాడు గాలయ్య.

పర్వతాలు ఆవు బతకలేదు. ఆమె సంసారమంతా దాని పాల మీదే నడిచేది. గొయ్యి గాలయ్యే తవ్వాడు. "నువ్వు లేకుంటే నా గతేమైతుండెనో అన్నా" అని ఆమె ఏడుస్తుంటే, అతనికి పారతో నెత్తి బాదుకోవాలనిపించింది.

తర్వాత నవ్యశ్రీ మళ్లీ వచ్చి ఇద్దరినీ గాలయ్య కొట్టం దగ్గరికి పిలిచింది.

"వైరస్ జన్యువులన్నీ చదివామండీ. వేరే ఊళ్ల ఆవుల్లో లేని ఓ కొత్త మార్పు మీ రెండింట్లోనే కనబడింది. ఒకదాన్నుంచే ఇంకోదానికి అంటి ఉండాలి. ఏది ముందో వైరస్ చెప్పలేదు, మీరే చెప్పాలి. అప్పుడే ఇంకెక్కడికి పాకిందో వెతకగలం."

పర్వతాలు తల దించుకుంది. "నాదే ముందు గావచ్చు మేడమ్. అన్నా, నా ఆవుతోనే నీదానికి అంటింది. మాఫ్ చెయ్యన్నా" అంటూ చేతులు జోడించింది.

నోరు మూసుకుంటే గాలయ్య పరువు దక్కేది. కానీ ఆ చేతుల్ని చూడలేకపోయాడు. బకెట్ నీళ్లు తెచ్చి, మందని రోజూ మెత్తుతున్న పసుపునంతా ఆవు మెడ మీంచి కడిగేశాడు. కొత్త పొక్కుల పక్కన ఎండి నల్లబడ్డ పాత మచ్చలు బయటపడ్డాయి.

"చేతులు దించు చెల్లె. ట్రాలీ ఎక్కకముందే దీనికి లేచినయి. తెలిసే ఎక్కించిన."

పర్వతాలు చేతులు విడదీసింది. ముందుకొచ్చి, తడిసిన ఆవు మెడను మెల్లగా నిమిరింది. గాలయ్య వైపు మాత్రం చూడలేదు.