నీకు పూచీ ఎవులు?

జి.మాడుగుల సంతలో ఒక ముసలమ్మ తన చోళ్ల బస్తా, అదే రాగుల బస్తా, మీదే కూర్చునేది. కొనేవాడు ఎవడొచ్చినా ముందు ఒకటే అడిగేది: "లైసెన్సేది బాబూ? నీకు పూచీ ఎవులు?" ఓ ఏడాది గోదాం షావుకారొకడు వాళ్ల ఊరి పంటంతా దాస్తానని తీసుకెళ్లి మాయమయ్యాడు. అప్పట్నుంచీ ఇదే పట్టు.

నేనక్కడ బడిపంతుల్ని. ఒక సంతకి, పంట కొని డబ్బు తర్వాతిస్తానంటూ కొత్త షావుకారు లారీ తెచ్చాడు. సగం బస్తాలు ఎక్కేశాయి. ముసలమ్మ మాత్రం కదల్లేదు.

"నా మాటే పూచీ" అని నవ్వాడతను.

"నీ మాట నీతోపాటే కొండ దిగిపోద్ది. కాయితం సూపించు."

ఒకడు తన బస్తా దించుకుని దాని మీద కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. కాసేపటికి లారీ ఖాళీ, సంతంతా బస్తాల మీద మనుషులే!

పై వారం అతను లైసెన్సూ, అతను డబ్బు ఎగ్గొడితే రైతులకు తామే చెల్లిస్తామని బ్యాంకు రాసిచ్చిన పత్రమూ తెచ్చాడు. చదవమని నాకివ్వబోతే ముసలమ్మ అడ్డుపడింది.

"మేస్టరెందుకు? నువ్వే సదువు. అందరికీ ఇనబడాల."

లారీ ఎక్కి, చెమట తుడుచుకుంటూ చివరి సంతకం దాకా చదివాడు. నా బడిలో ఏ గుంటడూ అంత బుద్ధిగా పాఠం అప్పజెప్పలేదు.

ముసలమ్మ లేచింది. ఆమెతో సంతంతా లేచింది.

"ఇప్పుడు కాటా ఎయ్యి."