కిష్టమ్మ కంటికి నాలుగు బల్బులు

కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో ఆ రోజు మొగిలికి అర్థం కాలేదు. కాసేపు మబ్బు మీద, కాసేపు డాక్టరు మీద తెచ్చుకున్నాడు. చివరికి అది తన మీదికే వచ్చి కూర్చుంది.

లింగంపల్లి స్టేషను పక్కన వడ్ల మిల్లులో ఇంజను నడిపేవాడు మొగిలి. యుద్ధం రోజుల్లో సికింద్రాబాదులో మిలిటరీ లారీలు బాగుచేస్తూ కరెంటు లెక్కలు నేర్చుకున్నాడు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే తీగ ఎంత అడ్డం పడుతుందో తెలుస్తుంది, దానికి ఓములని పేరు. రెంటినీ గుణిస్తే వాట్లు, అంటే ఎంత వెలుగు ఇవ్వగలదో తెలుస్తుంది. ఇంతే. నలభై తొమ్మిదిలో ఆ చుట్టుపక్కల ఇంతమాత్రం తెలిసినవాడు మరొకడు లేడు. ఆ సంగతి ఊరికంటే మొగిలికే బాగా తెలుసు.

అతని తల్లి కిష్టమ్మకు రెండు కళ్లకూ పొర కమ్మింది. గోడ పట్టుకుని నడిచేది. బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరేది. ఆ వానాకాలం పట్నం నుంచి కంటి డాక్టరు ఒక్క రోజు కోసం శేరిలింగంపల్లి బడికి వస్తాడని తెలిసింది. పొద్దున బండికి దిగి, సాయంత్రం బండికి పోతాడు. వెలుగు బాగా ఉంటేనే కన్ను కోస్తానని ముందే చెప్పి పంపాడు.

"వెలుగు ఫికర్ నాకిడువుండ్రి పటేలా" అన్నాడు మొగిలి, ఊరి పెద్ద ఐలయ్యతో. "మిల్లు డైనమో నుంచి బడికి తీగ గుంజుతా."

మిలిటరీ వాళ్లు అమ్మేసిన టెలిఫోను తీగ రెండు చుట్టలు దొరికాయి. మిల్లు నుంచి బడికి ఒక చుట్ట సరిగ్గా సరిపోతుంది. కరెంటు పోవడానికొకటి, తిరిగి రావడానికొకటి. ఒక చుట్టను లారీ బ్యాటరీకి తగిలించి చూశాడు. ఆరు వోల్టులకు ఒక ఆంపియరు పారింది. అంటే ఆరు ఓములు. నాలుగు పెద్ద బల్బులకు నాలుగు ఆంపియర్లు కావాలి. నాలుగార్లు ఇరవైనాలుగు వోల్టులు దారిలో పోతాయి. డైనమో ఇచ్చేది నూటపది. బడికి ఎనభైఆరు చేరుతుంది. వెలుగు కొంచెం పచ్చబడినా పని నడుస్తుంది. లెక్క చూసుకుని మొగిలి మురిసిపోయాడు.

ఆ రోజు పొద్దున ఎండ బాగానే కాసింది. డాక్టరు కిటికీ పక్కన బల్ల వేయించుకుని పని మొదలుపెట్టాడు. అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది కిష్టమ్మే. మొగిలే ఆమెను లేపాడు.

"అవ్వా, నువ్వు జర ఆగు. కొత్తగూడ, మియాపూర్ కెల్లి నడుచుకుంట వచ్చిన్రు పాపం. మనకు బల్బులున్నయ్ గదా."

"అట్లనే బిడ్డా" అని ఆమె చివరికి పోయి కూర్చుంది.

మధ్యాహ్నం దాటేసరికి మబ్బు కమ్మింది. బడి గది చీకటైపోయింది. ఇక దీపాలు పెట్టమన్నాడు డాక్టరు. మొగిలి మిల్లుకు పరుగెత్తి డైనమో తిప్పి, మళ్లీ బడికి పరుగెత్తుకొచ్చాడు. నాలుగు బల్బులూ ఆరిపోతున్న బొగ్గుల్లా మినుకుమంటున్నాయి.

"ఇదేం వెలుగయ్యా?" అన్నాడు డాక్టరు. "ఇందులో నేను కత్తి పట్టను."

"నాలుగు చాలకుంటే ఆరు వెట్టు" అన్నాడు ఐలయ్య.

మొగిలి ఇంకో రెండు తగిలించాడు. ఆరూ కలిసి ఇంకా మసకబారాయి. వానలో మిల్లుకు పోయి బెల్టు బిగించాడు. బోర్డు మీద ముల్లు నూటపది వోల్టులు చూపిస్తోంది. డైనమో తప్పేం లేదు. తీగల అతుకులన్నీ విప్పి, గీకి, మళ్లీ కట్టాడు. నోట్లో తిట్లు ఆగడం లేదు. తిరిగొచ్చేసరికి డాక్టరు పెట్టె సర్దుకుంటున్నాడు.

"వచ్చే యేడు చూద్దాంలే" అని గొడుగు వేసుకుని స్టేషను దారి పట్టాడు. ఆయన వెనకే ఐలయ్యా పోయాడు.

కిష్టమ్మ వసారాలో గోడకానుకుని కునుకు తీస్తోంది. డాక్టరు పోయిన సంగతి చెప్పడానికి మొగిలి ఆమెను లేపలేదు. కసికొద్దీ తర్వాత తగిలించిన రెండు బల్బులూ విప్పి, ఇంజను ఆపడానికి మిల్లుకు పోయాడు. బోర్డులో ఇంతసేపూ వోల్టుల ముల్లునే చూశాడు. ఇప్పుడు ఆంపియర్ల ముల్లు కంటబడింది. నాలుగుకు దగ్గరగా ఉండాల్సింది మూడైనా లేదు.

నూటపదిని దానితో భాగించాడు. దాదాపు ముప్పైతొమ్మిది ఓములు. నాలుగు బల్బులవీ కలిపి ఇరవైఏడు పోతే తీగకు మిగిలింది పన్నెండు. ఆరు కాదు, పన్నెండు.

మొగిలి తల పట్టుకుని బస్తాల మీద కూలబడ్డాడు. లారీలో కరెంటు ఒక్క తీగలో పోతుంది. తిరిగి రావడానికి బండి ఇనుమే దారి. అన్నేళ్లూ ఒక్క తీగనే లెక్కపెట్టిన అలవాటు. ఇక్కడ రెండో తీగను తన చేతులతోనే కట్టాడు, లెక్కలో మాత్రం వేయలేదు. రెండు తీగలూ తింటుంటే, బల్బులు పెంచినకొద్దీ దారిలో పోయేది ఎక్కువై అన్నీ మసకబారాయి. ఒక్క బల్బే ఉంచితే? ఒక ఆంపియరు. దారిలో పోయేది పన్నెండు వోల్టులే. తొంభైఎనిమిది చేరుతుంది. ఇంత చిన్న లెక్క ఒక్క గడియ ముందు తట్టి ఉంటే ఏం పోయేది?

ఇప్పుడు లాభం లేదని తెలుసు. అయినా ఇంజను ఆపకుండా బడికి పోయి, మూడు బల్బులు విప్పేశాడు. మిగిలిన ఒక్కటి భగ్గుమంది. గదిలో నల్లబల్ల మీది అక్షరాలు కూడా కనిపించాయి.

వసారాలో కిష్టమ్మకు మెలకువ వచ్చింది. తలుపు వైపు మొహం తిప్పింది.

"తెల్లగ కనవడుతున్నది బిడ్డా" అంది. ఆమె గొంతులో సంతోషం విని మొగిలికి ఏడుపొచ్చింది. ఆమె తడుముకుంటూ లోపలికొచ్చి, బల్ల ఎక్కి, కొంగు సరిచేసుకుని వెల్లకిలా పడుకుంది.

"ఇగ డాక్టర్ సాబును రమ్మను. నేను తయారుగున్న."